నిమ్మకాయ తొక్కిన టైరు

ఆ రోజుల్లో ఒక మనిషి ఎంత బాధ్యత గలవాడో తెలుసుకోవాలంటే మా మణుగూరు కాలనీలో అతని ఉద్యోగం చూసేవారు కాదు, చదువూ చూసేవారు కాదు. అతని సైకిలు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసేవారు. వేలు లోపలికి దిగిందంటే ఆ మనిషి సంసారం కూడా అంతంత మాత్రమేనని లెక్క. రాయిలా తగిలితే పిల్లనివ్వొచ్చు. బొగ్గు గనిలో సూపర్వైజరుగా చేసే మా బావ ఈ సిద్ధాంతానికి పీఠాధిపతి. ప్రతి ఆదివారం పొద్దున్నే బనీను మీద వరండాలోకి వచ్చి, తన సైకిలుకు గాలి కొట్టి, అంతటితో చేతి తీట తీరక పక్క క్వార్టరు వాళ్ళ సైకిలుకు కూడా వాళ్ళు వద్దంటున్నా కొట్టేవాడు. ఎండాకాలంలో మా లైనులో మధ్యాహ్నం పూట ఢామ్మని ఏదైనా పేలితే ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు. మా బావ బాధ్యత ఎక్కడో ఎక్కువైందని అనుకునేవారు.

అప్పుడే ఐటీఐ పూర్తిచేసి, ఆ గని వర్క్‌షాపులోనే అప్రెంటిసుగా చేరి, అక్కాబావల క్వార్టరులో ముందు గది మూలన మంచం వేసుకుని ఉంటున్న నాకు ఒక మోటారుసైకిలు వచ్చిపడింది. వచ్చిపడింది అనే అనాలి, ఎందుకంటే నేను కొనలేదు. మా వర్క్‌షాపు ఇంజనీరు ఒకాయన, మేమంతా బెంగాలీ సారు అని పిలిచేవాళ్ళం, ఆదివారాలు ఆ బండి వేసుకుని అడవిలో గుట్టలెక్కేవాడు. ఆయన బదిలీ అయి వెళ్తూ, దాన్ని రైలెక్కించే ఓపిక లేక తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇది రోడ్డు బండి కాదు, కొండ బండి అని చెప్పి వెళ్ళిపోయాడు. చూడటానికి అది బండిలాగే ఉండేది కాదు. సీటు అరచేయంత. పొగగొట్టం నడుము దాకా లేచి ఉండేది. కిందంతా ఖాళీ. ఎత్తుగా, బక్కగా, తిండి మానేసిన మేకలా ఉండేది. అయినా నాకు ప్రాణం. మా ఇంట్లో నేను ఆఖరివాణ్ణి. చొక్కాలు అన్నవి, పుస్తకాలు అక్కవి, సైకిలు నాన్నది, చివరికి నాకు వచ్చిన గవదబిళ్ళలు కూడా ముందు అన్నకు వచ్చి వెళ్ళినవే. ఇంట్లో ఎవరి చేతి కిందా నలగకుండా నేరుగా నాకు వచ్చిన మొదటి వస్తువు ఆ బండి.

కానీ అది నిలబడిన చోటు అక్క వడియాలు పెట్టుకునే చోటు. పైగా వెనక టైరు బోడిగుండు, దానికి తోడు పగుళ్ళు. వానకాలమంతా అది కదలకుండా అక్కడే ఉండేసరికి సొరతీగ ఒకటి వచ్చి హ్యాండిలు పట్టుకుంది. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చిన బావ సొరపువ్వును, బండిని మార్చి మార్చి చూసి, "బామ్మర్దీ, గిది బండా, పందిరా? దసరా దాంక చూస్త. బండి అనిపించుకుందా, ఉంటది. లేదా, పాతసామాన్లోడు ఎట్లనూ మన లైనుకు వస్తనే ఉంటడు" అన్నాడు. బావ మాట అంటే గనిలో సైరన్ లాంటిది. మోగాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

దేవుడున్నాడని అప్పుడే మా కాలనీ క్లబ్బు నిరూపించింది. దసరా ఆటల్లో ఏటా తాడు లాగుడు, ముగ్గులు, స్లో సైకిల్ పందెం ఉండేవి. (స్లో సైకిల్ అంటే తెలియని ఈ కాలం వాళ్ళ కోసం: అందరికంటే ఆఖరున వచ్చినవాడు గెలుస్తాడు, కాకపోతే కాలు కింద పెట్టకూడదు. జీవితంలో నాకు సరిపడిన పందెం అదొక్కటే.) ఆ ఏడు, బెంగాలీ సారు స్నేహితుడైన సేఫ్టీ ఆఫీసరు కొత్త పందెం ఒకటి చేర్చాడు. కాలనీ అవతలి వాగులో బండరాళ్ళ మీదుగా మోటారుసైకిలు నడిపి, ఎర్రమట్టి గట్టెక్కి, పైన జెండా దాకా పోవాలి. వేగంతో పనిలేదు. కాలు కింద పెట్టిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. ఒక్కొక్కరికి రెండు వంతులు, రెండింట్లో ఏది మెరుగైతే అదే లెక్క. ట్రయల్స్ అంటారట దాన్ని. కాలనీ మాత్రం దానికి ఒక్క రోజులో ‘బండి మీద స్లో సైకిల్’ అని పేరు పెట్టేసుకుంది. నా మేకపిల్ల సరిగ్గా ఈ పనికే పుట్టిందని సేఫ్టీ సారు చెప్పగానే నేను పేరిచ్చేశాను. గెలిస్తే బండి నాది. లేకపోతే పాతసామాన్లవాడిది.

ఇక టైర్ల వేట. టైరు ఎలాంటిది వెయ్యాలని నేను ఒక్కరినే అడిగాను, సమాధానం కాలనీ మొత్తం చెప్పింది. బావేమో గీతలు గీతలుగా ఉన్నది వేస్తే బాగా మన్నుతుందన్నాడు. పందెం వంద గజాలే బావా అంటే, తర్వాత నడపవా అన్నాడు. గని జీపు డ్రైవరు లారీ టైరులా ఉండాలన్నాడు. నేను మా వర్క్‌షాపు ముందు నిలిపిన ట్రాక్టరు వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు ఆలోచించి, బురదలో నాగలి లాగేది ఇదే కాబట్టి దీని చిన్న తమ్ముడెవరైనా దొరికితే చాలని తేల్చుకున్నాను. ముందు చక్రం మరీ పెద్దది. ఆ కొలత టైరు ఏ ఊళ్ళోనూ దొరకదని తెలిశాక, పాతదాన్నే బజార్లో చెప్పులు కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళి కత్తితో గాట్లు పెట్టమన్నాను. టైర్లతో చెప్పులు చేయడం తప్ప చెప్పులకు కాని పని టైరుకు చేయడం అతనికి అలవాటు లేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి, దీంట్లో మంచి జోళ్ళు వెళ్ళేవని నిట్టూర్చి, బాధపడుతూనే గాట్లు పెట్టాడు.

వెనక టైరు కోసం ఖమ్మం వెళ్ళాను. బస్టాండు వెనక సందులో పాత టైర్ల కొట్టు ఒకటి ఉండేది. ఆ కొట్టు ముసలాయన టైర్ల గుట్ట మీద దిండు వేసుకుని, దర్బారులో ఉన్నట్టు కూర్చునేవాడు. నా కథంతా వినకుండానే, "ఉరికేటానికా, ఎక్కేటానికా?" అని అడిగాడు. ఎక్కడానికన్నాను. ఆయన దిగి, లోపలికి పోయి, గుట్ట కింద నుంచి మిలిటరీ వాళ్ళు తీసిపారేసిన టైరు ఒకటి దొర్లించుకొచ్చాడు. బెల్లం అచ్చుల్లా దిమ్మెలు దిమ్మెలుగా ఉంది. చూడగానే నాకు ఆకలేసింది. "ఇది పట్టుకుంటే ఇడ్వదు బిడ్డా. కాకపోతే గాలి రాయి లెక్క ఉండాలె. మెత్తగ పెట్టినవంటే నా పేరు చెప్పకు" అన్నాడు ఆయన. అంటే ఆ సంగతిలో ఖమ్మమూ మణుగూరూ ఒక్కటే మాట మీద ఉన్నాయన్నమాట.

టైరుతో బస్సెక్కబోతే కండక్టరు దాన్ని పైకి వెయ్యమన్నాడు. పైన వేస్తే కొత్తగూడెంలో ఎవడైనా దింపుకుపోతాడని నా భయం. చివరికి టైరుతోపాటు నేనూ బస్సు పైకెక్కి, దాని మధ్యలో కూర్చున్నాను. పక్కన కట్టేసిన కోళ్ళగంప, రెండు అరటి గెలలు. పాల్వంచ దాటాక చెట్ల కొమ్మలు నెత్తి మీదుగా పోతుంటే, తల వంచి, టైరును కావలించుకుని, ఆ రబ్బరు వాసన పీలుస్తూ వెళ్ళాను. నా పెళ్ళినాడు కూడా అంత సంతోషంగా కూర్చున్నట్టు జ్ఞాపకం లేదు. (మా ఆవిడ ఇది చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.)

ఎక్కించడం అసలు కథ. వర్క్‌షాపులో టైరు విప్పే పట్టీలున్నాయి గానీ, సొంత పనికి కంపెనీ సామాను ముడితే బావ ఊరుకోడు. అందుకని వంటింట్లోంచి అక్క అట్లకాడ, పాత గరిట తెచ్చాను. పాత టైరు ఊడి రావడానికే ఒక పూట పట్టింది. కొత్త టైరు అంచు రిమ్ము దాటి లోపలికి దిగనని మొరాయించింది. సబ్బు నీళ్ళు రాస్తే జారుతుందని ఎక్కడో విన్నాను. ఇంట్లో సబ్బు అరిగిపోయి రూపాయి బిళ్ళంత ఉంది. పెరట్లో గిన్నెలో మాత్రం అక్క తలంటుకోవడానికి కొట్టి నానబెట్టుకున్న కుంకుడు రసం చిక్కగా నురగలు కక్కుతూ కనిపించింది. మొత్తం టైరుకు పోశాను. వెన్నలా దిగింది. కాకపోతే అట్లకాడ కింద ట్యూబు నలిగి చిల్లు పడింది. మళ్ళీ విప్పి, అతుకు వేసి, మళ్ళీ ఎక్కించేసరికి అట్లకాడ నెలవంకలా వంగింది, గరిట కాడ ఊడింది, అక్క తల నూనెతో అలాగే ఉండిపోయింది. "నా కుంకుళ్ళు పాయె, నా అట్లకాడ వంగె. గింత చేసినంక గా బండి ఓడిపోయిందనుకో, పాతసామాన్లోణ్ణి మీ బావ కాదు, నేనే పిలుస్త" అంది అక్క. అక్కలో అంత కోపం చూడటం అదే మొదటిసారి. ఆ కోపంలోనే, గెలవాలన్న పట్టుదల కూడా నాకంటే ఎక్కువగా కనిపించింది.

తర్వాత బావ బనీను మీద దిగాడు. ఆయనకు అది పండగ. పంపు మీద ఆయన, చక్రం మీద నేను. కాసేపటికి టైరు అంచు రిమ్ములో టప్‌మని కూర్చుంది. బావ ఆపలేదు. ఆయన వంగి లేస్తుంటే, పొట్ట మీద చెమట కారుతుంటే, పంపు వేడెక్కి ముట్టుకోనివ్వకుండా ఉంటే, చివరికి బొటనవేలితో నొక్కి, వేలు నొప్పి పుట్టాక తృప్తిగా నవ్వాడు. ఇంత చేశాక ఆ బండి ఓడిపోవాలని ఈయన ఎలా కోరుకుంటాడని నాకు అప్పుడే అనిపించింది. కానీ మాట మాటే. మర్నాడు దసరా.

పొద్దున్నే బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాం. మా దగ్గర ఆ రోజు గనిలో డంపర్ల నుంచి ఇంట్లో రోకలిబండ దాకా పనిముట్టు అన్నదానికల్లా పూజే. వంగిన అట్లకాడకు కూడా అక్క బొట్టు పెట్టి, నా వైపు చూసింది. హ్యాండిలుకు దిష్టి తగలకుండా నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కడదామని కూర్చుంటే, ఇంట్లో సన్న సూది కనపడక గోనెసంచులు కుట్టే దబ్బనం తీసింది. తుప్పు పట్టిన దబ్బనం అది. నిమ్మకాయలోకి దిగి, మొన విరిగింది. పండగపూట ఇనుము విరిగితే మంచిదో చెడ్డదో తేలక, అక్క ఆ కాయను వరండా గట్టు మీద పక్కన పెట్టి, ఇంకో కాయను వైరుతో గుచ్చింది. ఇంతలో బావ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడానికి వచ్చాడు. ముందు చక్రం కింద ఒకటి పెట్టాడు. వెనక చక్రానికి కాయ కనపడలేదు. గట్టు మీద ఒకటి నిక్షేపంగా కనిపించింది. నేను బండెక్కి ముందుకు కదిలాను. కింద పచ్‌మన్న చప్పుడు. అక్క కొబ్బరికాయ కొట్టింది, మేం ముగ్గురం నెత్తిన అక్షింతలతో వాగుకు బయలుదేరాం.

వాగు రెండు గట్లమీదా జనమే. కాలనీ వాళ్ళు, బజారు వాళ్ళు, అడవి లోపలి పల్లెల నుంచి పండక్కి వచ్చినవాళ్ళు. నాకు పోటీ ఒక్కడే లెక్క, కంట్రాక్టరు గారబ్బాయి. వాడు నిద్రలో కూడా నల్లద్దాలు తీయడని చెప్పుకునేవాళ్ళం. పేరు కూలింగ్ గ్లాస్. వాడి బండి కొత్తది, బరువైనది, గడియకోసారి తుడుచుకునే బండి. మొదటి వంతులో వాడు అక్కడక్కడా కాళ్ళు పెట్టినా గట్టెక్కాడు. నా వంతు వచ్చింది. మా బావ పట్టించిన గాలి మొత్తం ఆ టైరులో ఉంది కదా, మొదటి బండరాయి తగలగానే బండి రబ్బరు బంతిలా ఎగిరింది. రాయి మీద పాచి, పాచి మీద రాయిలాంటి టైరు. ఒక రాయి మీద ఎక్కి ఇంకో రాయి మీద పడటం, పడ్డచోట నేను కాలు పెట్టడం. గట్టు మీద కుర్రాళ్ళు ప్రతి అడుగుకూ గట్టిగా ఒకటీ, రెండూ అని పాట మొదలుపెట్టారు. నేను బండి నడుపుతున్నానో, బండిని నడిపించుకుంటూ పోతున్నానో నాకే తెలియలేదు. ఎర్రమట్టి గట్టు సగంలో జారి, బండీ నేనూ కలిసి కిందికొచ్చాం. ముందు వరసలో నిలబడ్డ బావ ఒక టేకుచెట్టు వెనక్కి మారాడు. అక్క మాత్రం కదల్లేదు.

మధ్యలో తాడు లాగుడు, ఆడవాళ్ళ కుర్చీలాట. నేను బండిని చెట్టుకు ఆనించి, దాని పక్కనే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చింది. బండి పోతుందని కాదు, అదొక్కటే నాది అనుకున్నాను కదా, దానికీ నాకూ ఇద్దరికీ చేతకాలేదని. ఆటలన్నీ అయ్యాక సేఫ్టీ సారు రెండో వంతుకు పిలిచాడు. కూలింగ్ గ్లాస్ ముందుకంటే బాగా నడిపి, రెండే రెండు అడుగులు పెట్టి, జెండా దగ్గర అద్దాలు సర్దుకున్నాడు. తర్వాత నా పేరు. లేచి బండిని చూస్తే వెనక భాగం కూర్చున్నట్టుంది. బావ వచ్చి అలవాటుగా బొటనవేలు పెట్టాడు. వేలు మొదటి కణుపు దాకా లోపలికి పోయింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

"గాలి పాయెరా. జర ఆపమను, ఇప్పుడే పంపు తెస్త" అని, ఆ మాట పూర్తికాకముందే కాలనీ వైపు పరుగందుకున్నాడు. బావ పరుగెత్తడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. పంచె ఒక చేత్తో పైకి పట్టుకుని, పొట్ట అటూ ఇటూ ఊగుతూ, టేకుచెట్ల మధ్యనుంచి పోతూ ఉన్నాడు. క్వార్టరు దగ్గరేం లేదు. సేఫ్టీ సారు గడియారం చూసుకుని, ఇప్పుడు బయలుదేరకపోతే వంతు పోయినట్టేనన్నాడు. అక్క వైపు చూశాను. "పో" అంది, అంతే.

పోయాను. మొదటి రాయి వచ్చింది. ఎగరడానికి సిద్ధంగా పళ్ళు బిగపట్టాను. బండి ఎగరలేదు. మెత్తటి టైరు ఆ రాయిని కావలించుకుంది. పాచి ఉన్నా జారడం లేదు. రాయి ఎటు వంగితే టైరు అటు వంగి, దిమ్మెలన్నీ వేళ్ళలా పరుచుకుని, ఉడుంపట్టు పట్టింది. రెండో రాయి, మూడో రాయి. అంకెల పాట పాడదామని నోరు తెరిచిన కుర్రాళ్ళకు అంకె దొరకలేదు. ఆ నిశ్శబ్దంలో నా బండి చప్పుడు ఒక్కటే, టక్ టక్‌మని, తీరుబాటుగా, సంతకు పోయే ఎద్దుబండిలా. ఎర్రమట్టి గట్టు వచ్చింది. ముందు చక్రం లేచింది, వెనక చక్రం మట్టిని కరిచి పట్టుకుని తోసింది, కళ్ళ ముందు ఆకాశం, తర్వాత జెండా. కాలు ఒక్కసారి కూడా కింద పెట్టలేదు. జెండా దగ్గర ఆగాక కూడా, పెట్టొచ్చో లేదో తెలియక, పెట్టకుండా పక్కకు పడిపోయాను. అప్పటికి పందెం అయిపోయిందని సేఫ్టీ సారు తీర్పు చెప్పాడు. ఎవరెవరో వచ్చి నన్ను భుజాల మీదికి ఎత్తారు. అంత ఎత్తు నుంచి చూస్తే అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. కూలింగ్ గ్లాస్ మొదటిసారి అద్దాలు తీసి చూశాడు. వాడి కళ్ళు ఎంత మంచివో ఆ రోజే తెలిసింది.

అప్పుడొచ్చాడు బావ. వగరుస్తూ, చేతిలో పంపుతో, చూడవలసిందంతా అయిపోయాక. సేఫ్టీ సారు వెనక టైరు నొక్కి చూసి, ఆశ్చర్యపోయి, ట్రయల్స్ నడిపే వాళ్ళు బయటి ఊళ్ళలో ఇలాగే గాలి తీసి నడుపుతారని, ఈ కిటుకు ఈ అడవిలో మీవాడికి ఎవరు చెప్పారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు బావ అందుకున్నాడు. "కావాల్ననే తీసిండు సార్. మా బామ్మర్ది గట్ల ఊకెనే ఏ పనీ చెయ్యడు, అన్నీ చదివి చేస్తడు" అన్నాడు, పంపును మెల్లగా వీపు వెనక్కి మార్చుకుంటూ. బహుమతిగా స్టీలు బిందె ఇచ్చారు. అది అక్క చంకలో, దండ బావ మెడలో, గాలి పూర్తిగా పోయిన బండి నా చేతుల్లో, ఊరేగింపుగా ఇంటికొచ్చాం. రాగానే బావ వడియాల చాప తీసి, తనే స్వయంగా, పెరటి వైపు వేశాడు.

మర్నాడు అదే అట్లకాడతో టైరు విప్పి లోపల చెయ్యి పెట్టి తడిమితే, వేలికి చురుక్కుమంది. దిమ్మెల సందులోంచి లోపలికి దిగి ఉంది, దబ్బనం మొన. నిమ్మ గింజ ఒకటి దానికి ఇంకా అంటుకునే ఉంది. అక్కను పిలిచి చూపించాను. అక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, "మరి నేను దిష్టికి గుచ్చిన్నంటే ఊకెనే గుచ్చిన్ననుకున్నవా" అని, కొంగున ముడేసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ బండి చాలా ఏళ్ళు నా దగ్గరే ఉంది. విడిభాగాలు దొరకనంత ముసలిదయ్యాక, నన్ను ఎవరూ బలవంతపెట్టకుండా, నా చేతులతో నేనే సాగనంపాను. వెనక టైరు మాత్రం ఉంచుకున్నాను. బావ ఇప్పటికీ దసరాకు మనవళ్ళను కూర్చోబెట్టి, తను ఒక్క క్షణం కూడా చూడని ఆ గట్టెక్కడాన్ని రాయి రాయిగా వర్ణించి చెబుతాడు. నాకంటే బాగా చెబుతాడు కాబట్టి నేనూ వెళ్ళి కూర్చుంటాను. మొన్న దసరాకు కొత్తగా కొన్న కారుకు పూజ చేయించుకుందామని అక్క దగ్గరికే తీసుకెళ్ళాను. చూపు ఆనక, నిమ్మకాయ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని దబ్బనంతో గుచ్చి, "మొన ఉందో లేదో నువ్వే చూడు తమ్ముడా, నాకు కనపడ్తలేదు" అని నా చేతికిచ్చింది. వెలుగులోకి పట్టి చూశాను. మొన చెక్కుచెదరకుండా ఉంది. అరవై దాటినవాణ్ణి, కారుకు నాలుగు కొత్త టైర్లున్నవాణ్ణి, నాకెందుకో మనసు కొంచెం చిన్నబోయింది.